రెండు వందల పద్నాలుగు కాగితాలు, ఒక నంబరు

ఆగస్టు 3

ఈ రోజు నుంచి నేను ప్రజానాయకుణ్ణి. ఈ సంగతి ప్రజలకింకా తెలియదు.

పొద్దున వెంకట్ ఫోను చేశాడు. గుడివాడ కాలేజీ హాస్టల్లో మూడేళ్ళూ నా పక్క మంచం వాడిదే. వాళ్ళ ఊరు గరువుదిబ్బ. కృత్తివెన్ను దాటి సముద్రం వైపు వెళ్తే, ఇక రోడ్డు అయిపోయిందిలే అనుకున్న చోట ఉంటుంది. అక్కడ తీరం వెంట పదకొండు గాలిమరలు పెడతామని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టుకుందట. పంచాయతీ గోడకి నోటీసు అంటించారు. అభ్యంతరాలు, సూచనలు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. ఇరవై ఎనిమిదిన ప్రజాభిప్రాయ సేకరణ సభ.

"నువ్వు రాయడంలో మొనగాడివి కదరా, మా ఊరి తరఫున ఒక అర్జీ దంచు," అన్నాడు.

వాడి నమ్మకానికి ఆధారం ఉంది. హాస్టల్లో అందరి సెలవు చీటీలూ నేనే రాసేవాణ్ణి. మూడేళ్ళలో నలభై మంది నాయనమ్మలకి అకాల మరణం ప్రసాదించాను. వార్డెను ఒకసారి కళ్ళు తుడుచుకోవడం నేనే చూశాను.

భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. చలపతిరావు గారు, అనగా మా నాన్న, ముప్పై ఒక్క ఏళ్ళు ఒక ప్రభుత్వ ఆఫీసు ఇన్‌వర్డు సెక్షన్లో పనిచేసి రిటైరయ్యారు. వచ్చిన కాగితం తీసుకోవడం, ముద్ర కొట్టడం, నంబరు వెయ్యడం, లోపలికి పంపడం. పోస్టు డబ్బా కూడా ఇదే పని చేస్తుంది, జీతం అడగదు.

"కంపెనీ వాళ్ళు ఇచ్చిన ప్రాజెక్టు సారాంశం చదివావా?" అన్నారు.

"నేను ప్రజల గుండెచప్పుడు చదువుతాను నాన్నా."

"సారాంశం తెలుగులోనే ఉంటుంది. మండలాఫీసులో అడిగితే చూపిస్తారు," అని మజ్జిగ కలుపుకున్నారు.

ఆగస్టు 5

గరువుదిబ్బ యాత్ర. పెడన, బంటుమిల్లి మీదుగా బస్సు, ఆ తర్వాత ఆటో, ఆ తర్వాత కాళ్ళు. చేతిలో ఒక బండిల్ తెల్ల కాగితాలు.

వెంకట్ వాళ్ళ నాన్న గోవర్ధనరావు గారు ఊళ్ళో పెద్దమనిషి. రొయ్యల చెరువులున్నాయి. ఆయన నాకు విద్య నేర్పారు. "ముందు సంతకాలు లాగెయ్ బాబూ. మేటరు తర్వాత నింపుకోవచ్చు. జనం ఇంటి దగ్గర ఉన్నప్పుడే దొరుకుతారు." ఈ ఊళ్ళో అన్నీ ఇలాగే అయ్యాయట. బస్సు కోసం, వీధి దీపాల కోసం, స్కూలు గోడ కోసం, ఖాళీ కాగితం అడుగున సంతకం. పైన ఎవరో చదువుకున్నవాడు నింపుతాడు. ఈసారి ఆ చదువుకున్నవాణ్ణి నేనే.

జనం ఎంత మంచివాళ్ళో! ఎవరూ ఏమీ అడగరు. ఒక్క జానకి గారు తప్ప. రోడ్డు మీదికే ఉన్న గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

"ఎక్కడ పెట్టమంటావ్ తమ్ముడూ?"

"కింద అక్కా."

"పైన ఏం రాస్తావ్?"

"మీ మనసులో మాట."

"నా మనసులో ఏముందో నీకెట్టా తెలిసింది? ఆ నాలుగో నంబరు మర మా ఇంటికి పడమట వస్తుందంట. నేనేమో..."

"అన్నీ వస్తాయక్కా," అన్నాను. పక్కింటివాళ్ళు తలుపు తాళం వేస్తున్నారు మరి. ఆవిడ నవ్వి సంతకం పెట్టింది.

మురుగు కాలువ గట్టు మీద పాతిక ఇళ్ళ కాలనీ ఉంది. అక్కడ ఆమినా బీ గారని ఎండుచేపలు అమ్మే ఆవిడ మాత్రం కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూసి నా చేతికే ఇచ్చేసింది.

"దీని మీద ఏమీ లేదు కదయ్యా."

"సంతకం ఉంటుంది కదండీ."

"ఏమీ లేనిదాని కింద నా పేరెందుకు? నా మాట నేను రాయించాను. ఇదిగో."

కోడలు తమన్నా రాసిపెట్టిందట. నోటుపుస్తకంలోంచి చింపిన పేజీన్నర. అత్తాకోడళ్ళు మండలాఫీసుకి వెళ్ళి, గంటసేపు నిలబడి, ఆ సారాంశమేదో చదువుకుని మరీ రాశారట. తీసుకుని సంచీలో పెట్టాను. దారిలో చదివాను. ఇలా ఉంది:

"గాలిమరలు వద్దని నేను అనడం లేదు. ఏడో నంబరు మరకి వేసే రోడ్డు మా మురుగు కాలువని దాటుతుంది. అక్కడ రెండు సిమెంటు తూములు వేస్తామని ముప్పై ఒకటో పేజీలో ఉంది. నాలుగేళ్ళ క్రితం గోవర్ధనరావు గారు తన చెరువులకి లారీలు వెళ్ళడానికి అదే చోట రెండు తూములు వేశారు. ఆ కార్తీకంలో వాన పడితే మా ఇళ్ళలో అయిదు రోజులు నీళ్ళు నిలిచాయి. తూములు తీసేశాక ఇంకా పెద్ద వాన పడినా ఒకటిన్నర రోజులో దిగిపోయాయి. గోడ మీద గీతలు ఉన్నాయి, వచ్చి చూడవచ్చు. తూములు వద్దు. నీళ్ళు పారడానికి నాలుగు ఖానాలున్న వంతెన వెయ్యమని అడుగుతున్నాను."

సాహిత్య విలువలు శూన్యం. ఒక్క ఉపమానం లేదు. 'అయ్యా' అని కూడా లేదు.

ఆగస్టు 6

ఆ కాగితం సంగతి వెంకట్‌తో నవ్వుతూ చెప్పాను. వాడు నవ్వలేదు.

"మా నాన్న పేరెందుకురా అందులో? ఆ తూముల గొడవ ఎప్పుడో అయిపోయింది. ఊరంతా ఒకటిగా వెళ్తుంటే ఇప్పుడు దాన్ని తవ్వుతారా?"

నిజమే. ఐకమత్యం ముఖ్యం. పైగా ఆవిడ కాగితం ఫార్మాట్‌లో లేదు. అందుకే పక్కన పెట్టాను. వెంకట్ అన్నాడని కాదు.

ఆగస్టు 9

మహాకావ్యం పూర్తయింది. భావితరాల కోసం ఇక్కడ కొంత ఎత్తి రాస్తున్నాను:

"మహాప్రభో! పదకొండు మహాకాయములు మా తీరమున నిలిచి గిరగిర తిరుగుచుండగా మేఘములు బెదిరి సముద్రమునకు పారిపోవును. రొయ్యలకు తల తిరిగి ఎటు ఈదవలెనో మరచును. నేను పెంచుకొనుచున్న గేదెలు ఆ ఘోషకు ఈనుట మానును. కావున ఈ ప్రాజెక్టును సమూలముగా రద్దు చేసి మమ్ము కాపాడవలెను."

మేఘాలు బెదురుతాయని గరువుదిబ్బలో ఎవరూ అనలేదు. రొయ్యల తల నా సొంతం. కానీ ప్రజల ఆవేదనకి ఒక రూపం ఇవ్వాలి కదా. మా బందరు కోనేరు సెంటర్లో జిరాక్సు మిషన్లోకి సంతకాల కాగితాలు ఎక్కించి మొత్తం రెండు వందల పద్నాలుగింటి మీదా అచ్చు కొట్టించాను. షాపువాడు ఒకటి చదివి ఇంకొకటి కావాలన్నాడు, వాళ్ళావిడకి చూపించడానికి.

నాన్న కట్టని చూశారు. "అన్నీ ఒకటేనా?"

"ఒకే గొంతు నాన్నా."

కట్ట అంచులు సరిచేసి బల్ల మీద పెట్టారు.

ఆగస్టు 11

కట్టని సభ పెట్టే అధికారుల ఆఫీసులో, బందరులోనే, ఇచ్చాను. అక్కడి గుమస్తా ఒక్కోటీ లెక్కపెట్టి, తెల్లదారంతో అడ్డంగా నిలువుగా కట్టి, పైన ఒక ముద్ర కొట్టి, ఒక నంబరు వేశాడు. తొమ్మిది. ఎంత గౌరవంగా కట్టాడో! పెళ్ళికి సారె కట్టినట్టు.

ఆగస్టు 12

ఆమినా బీ గారు ఫోను చేసింది. "ఇచ్చావా బాబూ?"

"ఇచ్చేశానండి."

అబద్ధం కాదు. ఇవ్వబోతున్నాను కాబట్టి ఇచ్చినట్టే. తేడా అల్లా రెండు మూడు రోజులు.

ఆగస్టు 19

కాగితం సంచీలోనే ఉంది. రేపు.

ఆగస్టు 20

రేపు.

ఆగస్టు 24

రాతపూర్వకంగా ఇవ్వడానికి నిన్నటితో గడువు అయిపోయిందట. నోటీసులో తేదీ ఉంది. నోటీసు చదవలేదు. అయినా సభలో నోటితో చెప్పవచ్చు కదా. ఆవిడకి నోరుంది. బోలెడంత ఉంది.

ఆగస్టు 28

జరిగింది జరిగినట్టు రాస్తాను. రాయాలి.

గరువుదిబ్బ స్కూల్లో షామియానా వేశారు. బల్ల వెనక అధికారి మేడమ్, పక్కన కంపెనీ తరఫున గళ్ళ చొక్కా ఆయన, చివర్న ఇన్‌వర్డు గుమస్తా, ఆ రోజు దారం కట్టినవాడు. మూడు వందల మంది జనం. నేను మొదటి వరసలో, వెంకట్ పక్కన, ఇస్త్రీ చొక్కాలో.

మేడమ్ అంది, "గరువుదిబ్బ నుంచి రెండు వందల పద్నాలుగు కాగితాలొచ్చాయి. అన్నిట్లో ఉన్నది ఒకటే. కాబట్టి ఒకే అభ్యంతరంగా నమోదు చేశాం. నంబరు తొమ్మిది." తర్వాత చదివింది. మేఘాలు బెదిరేచోట కొంచెం ఆగింది. రొయ్యల దగ్గర గళ్ళ చొక్కా ఆయన జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. షామియానా అంతా నవ్వు. నేనూ నవ్వాను. నా జోకుకి జనం నవ్వుతున్నారు కదా అని. నిజంగానే, ఒక నాలుగు క్షణాలు సంతోషమేసింది.

"దీని గురించి ఎవరైనా వివరిస్తారా? పై కాగితం మీద సంతకం జానకి గారిది. ఉన్నారా అమ్మా?"

జానకి గారు వెనక నుంచి లేచింది.

"మీకెన్ని గేదెలమ్మా?"

"గేదెలా? నాకు లేవండి. నేను మిషను కుట్టుకుంటానండి."

"మరి మీ గేదెలు ఈనడం మానేస్తాయని రాశారు?"

ఈసారి నవ్వు ఇంకో రకంగా ఉంది. జానకి గారు ముందుకొచ్చి బల్ల మీది కాగితం చూసింది. పైనుంచి కింది దాకా చదివింది. "సంతకం నాదేనండి," అంది. అంతే. నావైపు వేలు చూపిస్తుందనుకున్నాను. చూపించలేదు. వెళ్ళి కూర్చుంది.

అప్పుడు ఆమినా బీ గారు లేచింది. "మేడమ్, నేను వేరేగా రాసిచ్చాను. అందులో గేదెలు లేవు. కాలువ సంగతి ఉంది. అది చదవండి."

మేడమ్ జాబితా చూసింది. "మీ పేరుతో ఏమీ రాలేదమ్మా."

"వచ్చింది మేడమ్. ఈ బాబు ఇచ్చాడు. అడగండి."

అందరూ నావైపు తిరిగారు. ఆవిడ ముఖంలో అనుమానం కొంచెం కూడా లేదు. 'చెప్పవయ్యా' అన్నట్టు చూస్తోంది.

నేను లేచాను. నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇవి: "ఇచ్చానండి. బహుశా ఆఫీసులో ఎక్కడో కలిసిపోయి ఉంటుంది."

గుమస్తా లేచి కట్ట విప్పడం మొదలుపెట్టాడు. రెండు వందల పద్నాలుగూ ఒక్కొక్కటీ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. మెడ మీద చెమట చొక్కా కాలర్లోకి దిగుతోంది. "రాలేదు మేడమ్," అన్నాడు. "సరిగా చూడండి," అందావిడ. మూడోసారి తిప్పాడు. సంచీ నా కాళ్ళ దగ్గర ఉంది. కాగితం సంచీలో ఉంది.

"పోనీ ఇప్పుడు చెప్పండమ్మా," అంది మేడమ్.

"ఇదీ రొయ్యల లాంటిదేనా?" అన్నాడు గళ్ళ చొక్కా ఆయన, మెల్లిగానే. ముందు వరసలో వినపడింది, నవ్వారు.

ఆమినా బీ గారు వాళ్ళని చూసింది. "ఇప్పుడు చెప్తే నేనూ ఆ గేదెల్లో కలిసిపోతాను. రాసింది రాసినట్టు మీ ముందు పెట్టి చెప్తాను," అని కూర్చుంది.

మేడమ్ సభ ముగించే ముందు, వేరే విషయాలేమైనా రాసిస్తే ఇంకో పది రోజులు తీసుకుంటామంది.

ఆగస్టు 29

రాయడానికేమీ లేదు.

ఆగస్టు 30

సభ సంగతి బందరు దాకా వచ్చేసింది. నాన్న మధ్యాహ్నం దాకా ఆగి అడిగారు.

"ఆ గుమస్తా వయసెంతుంటుంది?"

"ఎందుకు నాన్నా?"

"కాగితం పోయిందంటే మెమో ఇస్తారు. పై ఆఫీసరు మంచివాడైతే అక్కడితో ఆగుతుంది."

నేను ఫోను తీసి చూస్తున్నట్టు నటించాను.

"నాకోసారి ఇచ్చారు. ఏడు నెలల తర్వాత ఆ కాగితం మా పెద్దసారు ఇంట్లో బీరువాలో దొరికింది. సారీ అని ఎవరూ అనలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా దగ్గర ఒక్క కాగితం పోలేదురా." ఆగి, "ఆవిడ కాగితం నిజంగా ఇచ్చావా?" అన్నారు.

సంచీ తెచ్చి చూపించాను. చదివారు. రెండుసార్లు చదివారు. నేను తిట్లకి సిద్ధపడ్డాను. తిడితే ఏదో ఒకటి అని తప్పించుకోవచ్చు, నాకు అలవాటే. ఆయన తిట్టలేదు.

"ఇంత మంచి కాగితం నా సర్వీసులో పదో పన్నెండో చూసి ఉంటాను," అన్నారు. "ఏ చోటు, ఏమవుతుంది, నీకెలా తెలుసు, ఏం చెయ్యమంటావు. నాలుగూ ఉన్నాయి. ఇలాంటిదొస్తే ఎంతటి ఆఫీసరైనా జవాబు రాయాల్సిందే. 'మొత్తం రద్దు చెయ్యండి' అంటే 'కుదరదు' అని ఒక్క మాటతో పోతుంది."

"మరి మన రెండు వందల పద్నాలుగు?"

"ఒకే రకంవి ఎన్నొచ్చినా దారం కట్టి ఒకే నంబరు వేస్తాం. వేరే నంబరు పడాలంటే లోపల వేరే మాట ఉండాలి."

"ముందే చెప్పొచ్చుగా నాన్నా."

"అడిగావా?"

ఆగస్టు 31

బస్సులో ఒక జోకు తయారుచేసుకున్నాను, ఎలా మొదలుపెట్టాలా అని. 'మీ కాగితం ఆఫీసు కంటే నా దగ్గరే భద్రంగా ఉంటుందనిపించిందండి' అని. నేను అలాంటివాణ్ణి.

ఆమినా బీ గారు వల మీద నెత్తళ్ళు ఆరబోస్తోంది. జోకు చెప్పాను.

"ఇదీ నవ్వుకోడానికేనా?" అంది.

అప్పుడు చెప్పాను. ఇవ్వలేదని, వెంకట్ వద్దన్నాడని, వద్దనకపోయినా బహుశా ఇచ్చేవాణ్ణి కాదని, నెపం గుమస్తా మీద పెట్టానని. ఆవిడ చేతులు ఆగలేదు. చేపల్ని ఒక్కొక్కటీ తిప్పుతూనే ఉంది. నేను చెప్పడం అయ్యాక కూడా ఒక వరస పూర్తిగా తిప్పింది.

"ఖాళీ కాగితం ఇవ్వనని చెప్పి రాసిన కాగితం ఇచ్చాను నీకు. నువ్వు రెండూ ఒకటే చేశావు."

తమన్నా గుమ్మంలో నిలబడి వింటోంది. "అత్తా, అతన్ని వెళ్ళమను," అంది.

"వెళ్తాడులే. ముందు ఆ కాగితం ఇలా తే."

ఇచ్చాను. మడతల దగ్గర చిరుగులు పట్టింది. ఆవిడ దాన్ని వలమీద కాకుండా ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత లేచి నన్ను లోపలికి తీసుకెళ్ళింది. గోడ మీద ఆకుపచ్చ రంగుతో గీతలున్నాయి, ఒక్కో వానకి ఒక్కోటి, పక్కన నెలా ఏడాదీ. ఒకటి నా మోకాలి పైకి వచ్చింది.

"ఇదే తూములున్నప్పటిది. మా అత్త ఆ అయిదు రోజుల్లోనే పోయింది, ఈ మంచం మీదే. బయటికి తీసుకెళ్ళడానికి దారి లేదు. రెండో రోజు పడవ తెచ్చారు."

"ఇది రాయలేదేమండీ కాగితంలో?"

"రాస్తే అయ్యో పాపం అంటారు. అని ఊరుకుంటారు. నాకు అయ్యో అక్కర్లేదు, వంతెన కావాలి."

నలభై మంది నాయనమ్మలు గుర్తొచ్చారు. ఈ రోజుకి ఇక రాయలేను.

సెప్టెంబరు 2

ఆవిడకి ఇంకొకటి కావాలి. తూములు ఏ నెలలో వేశారో, ఏ నెలలో తీశారో గోవర్ధనరావు గారే చెప్పాలి. లేకపోతే కంపెనీ వాళ్ళు 'అసలు అక్కడ తూములుండేవని ఏమిటి రుజువు' అంటారు. వెంకట్‌ని అడిగాను.

"నీ సిగ్గు కడుక్కోడానికి మా నాన్న పరువు కావాలా?"

వాడన్నది నిజం. నిజం కాని భాగం కూడా ఉంది, కానీ దాన్ని విడదీసి చెప్పేంత మర్యాద నాకు మిగల్లేదు.

చివరికి ఆమినా బీ గారే వెళ్ళింది వాళ్ళింటికి. నన్ను వెనక రమ్మంది, నోరు తెరవొద్దంది. గోవర్ధనరావు గారు అరుగు మీద కుర్చీలో ఉన్నారు. లేవలేదు.

"అన్నయ్యా, తిట్టడానికి రాలేదు. తిట్టడం అప్పుడే అయిపోయింది. వేసిన నెలా, తీసిన నెలా చెప్పు."

వెంకట్ లోపల్నించి "నాన్నా," అన్నాడు.

"నువ్వుండరా," అన్నారాయన. "వేసింది చైత్రంలో. తీసింది..." నేలవైపు చూశారు. "ఆ కార్తీకంలో నువ్వొచ్చి ఈ అరుగు మీద కూర్చున్నావు చూడు, ఏమీ అనకుండా. దాని మర్నాడే తీయించాను. మీ అత్త పోయిందని నాకు అప్పుడే తెలిసింది."

"అది వద్దు. నెలలు చాలు."

"ఎవరు రాస్తారు?" అంటూ నన్ను చూశారు.

"ఇతను రాయడు," అంది ఆమినా బీ గారు. "నువ్వే రాయి అన్నయ్యా. నీ చేత్తో."

ఆయన కళ్ళజోడు వెతుక్కున్నారు. నాలుగు లైన్లు రాయడానికి గంట పట్టింది. వెంకట్ నన్ను దాటుకుని బయటికి వెళ్ళిపోయాడు, తిరిగి రాలేదు.

సెప్టెంబరు 4

ఎవరి మాట వాళ్ళే కొత్తగా రాసుకోవాలని ఆమినా బీ గారు ఊరిని స్కూలు గదికి పిలిచింది. అక్కడ నా ఉద్యోగం: సారాంశం పైకి చదవడం. మండలాఫీసు నుంచి కాపీ తెచ్చాను. యాభై ఎనిమిది పేజీలు. అంతకు ముందు నేను దాన్ని చూడను కూడా చూడలేదని అక్కడున్న అందరికీ తెలుసు. చదవడం, మధ్యలో ఎవరైనా 'ఆగు' అంటే ఆగడం, 'మళ్ళీ చదువు' అంటే మళ్ళీ చదవడం. వ్యాఖ్యానాలు నిషేధం. ఒకచోట అలవాటులో నోరు జారబోతే తమన్నా బల్ల మీద స్కేలుతో కొట్టింది.

జనం తక్కువే వచ్చారు, నలభై లోపు. ఎవరి కాగితం వాళ్ళే రాసుకున్నారు, రాయడం రానివాళ్ళు పిల్లల చేత రాయించుకున్నారు. ఒకాయన రెక్కలు మోసే లారీలకి తన కొబ్బరిచెట్లు ఎన్ని కొట్టాలో అడిగాడు. ఇద్దరు గాలిమరలు రావాలనే రాశారు, కాపలా ఉద్యోగాలు ఊరివాళ్ళకే ఇవ్వాలని. అదీ ఒక కాగితమే, ఎవరూ ఆపలేదు.

జానకి గారు చివర్న వచ్చింది. క్షమించమని అడగాలని లేచాను.

"కూర్చో. నాలుగో నంబరు మర ఎంత ఎత్తో, మా ఇంటికి ఎంత దూరమో చూసి చదువు."

చదివాను.

"సాయంత్రం ఎండకి ఆ రెక్కల నీడ నా మిషను మీద తిరుగుతూ పడుతుందా, పడదా? సూది దగ్గర చూపు ఆనకపోతే నేనేం కుట్టను? ఆ రోజు నీకు చెప్పబోయింది ఇదే."

"అక్కా, ఆ రోజు సభలో..."

"నా గేదెలెట్టా ఉన్నాయని వీధిలో పిల్లలు అడుగుతున్నారు తమ్ముడూ. రోజూ అడుగుతున్నారు."

కాగితం తీసుకుని తనే రాసుకుంది. నావైపు చూడలేదు.

సెప్టెంబరు 6

ముప్పై ఎనిమిది కాగితాలు, ముప్పై ఎనిమిది నంబర్లు. ఎవరి కాగితం వాళ్ళ చేతిలో పెట్టుకుని వ్యాన్లో బందరు వచ్చారు. నేను వాళ్ళ వెనకాలే టిక్కెట్టు కొనుక్కుని బస్సులో వచ్చాను.

వాళ్ళందరూ ఇచ్చాక నాదొకటి ఇచ్చాను. నాన్న తప్ప ఎవరూ చూడలేదు. ఆయన ఒక్క మాట కొట్టేశారు, 'అనివార్య పరిస్థితుల్లో' అన్న మాట. మిగిలింది ఇది:

"తొమ్మిదో నంబరు కట్టలోని మాటలు నావి. సంతకాలు పెట్టినవాళ్ళకి వాటి సంగతి తెలియదు. ఆ రాత వాళ్ళ అభిప్రాయంగా తీసుకోవద్దని కోరుతున్నాను. ఆమినా బీ గారి కాగితం మీ ఆఫీసులో పోలేదు. నేను ఇవ్వలేదు. సభలో అబద్ధం చెప్పాను. మీ గుమస్తా గారి తప్పేమీ లేదు. ఇట్లు, కౌండిన్య."

అదే గుమస్తా. తీసుకున్నాడు, చదివాడు. చదువుతాడనుకోలేదు, ముద్ర కొట్టేస్తాడనుకున్నాను. చదవడం అయ్యాక పైకి చూడకుండా ముద్ర కొట్టి రసీదు చింపి ఇచ్చాడు. "యాభై ఒకటి," అన్నాడు. తర్వాతివాణ్ణి రమ్మన్నాడు.

మెట్లు దిగుతూ అనుకున్నాను, ఏమైనా అంటే బాగుండేది.

సెప్టెంబరు 21

వెంకట్‌కి మూడోసారి ఫోను. ఎత్తలేదు.

అక్టోబరు 10

ఒక పెళ్ళి వాళ్ళు మైకు పట్టుకుని యాంకరింగు చెయ్యమని పిలిచారు, నేను అప్పుడప్పుడూ చేసేదే. గొంతు బాగాలేదన్నాను. గొంతు బాగానే ఉంది.

నవంబరు 14

సభ నివేదిక, నిర్ణయం వచ్చాయి. కాపీ తీసుకుని గరువుదిబ్బ వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు.

గాలిమరలకి అనుమతి ఇచ్చారు, పదకొండింటికీ. ఆమినా బీ గారు మెట్టు మీద కూర్చుని "చదువు," అంది. తమన్నా పక్కన నిలబడింది, నేను ఎక్కడైనా మాట మింగేస్తానేమోనని కాపీలోకి చూస్తూ.

చదివాను. జానకి గారి కాగితం మీద: నీడ పడే కాలం, వేళలు కంపెనీ లెక్క కట్టి రెండు నెలల్లో ఆమెకి రాతపూర్వకంగా తెలియజేయాలి. కొబ్బరిచెట్లాయనకి జవాబు ఉంది. ఉద్యోగాల వాళ్ళకి 'పరిశీలించవచ్చు' అని ఉంది. గోవర్ధనరావు గారి నాలుగు లైన్లూ మొత్తం ఎత్తి రాశారు. తర్వాత ఇది: "శ్రీమతి ఆమినా బీ అభ్యంతరం సహేతుకం. మురుగు కాలువపై తూముల ప్రతిపాదన నిలిపివేయడమైనది. ఒక ఏడాదిపాటు నీటి మట్టాలు కొలిచి, అందుకు తగిన ఖానాలతో వంతెన డిజైను సమర్పించి ఆమోదం పొందిన తర్వాతనే ఏడో నంబరు రోడ్డు పని మొదలుపెట్టవలెను."

"మళ్ళీ," అంది. మళ్ళీ చదివాను.

"నాలుగు అని లేదు."

"లేదండి. 'తగిన' అని ఉంది."

"ఊఁ. కొలతల్ని బట్టి అన్నమాట." కాసేపు కాలువ వైపు చూసింది. "నీదేదో ఇచ్చావంట కదా, మీ నాన్నగారు ఫోన్లో చెప్పారు. దానికేమన్నారు?"

మా నాన్న ఈవిడకి ఫోను చేశారని నాకు తెలియదు.

చివరి పేజీ తీశాను. "యాభై ఒకటో నంబరు, శ్రీ కౌండిన్య లేఖ. వ్యక్తిగత విషయం. చర్య అవసరం లేదు."

ఇది బస్సులోనే చూశాను. చూసి, ఇంత కాలానికి మొదటిసారి, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఆ సంగతి ఇక్కడైనా ఒప్పుకోవాలి.

"చర్య అవసరం లేదని వాళ్ళన్నారు," అంది ఆమినా బీ గారు. "నేను అనలేదు."

మడవబోయిన కాపీని అలాగే పట్టుకున్నాను.

"కంపెనీ వాళ్ళు సముద్రం పాటు చూసుకుని, నీళ్ళు దిగాక వచ్చి కొలుస్తారు. చూడు అడుగు లోతే అంటారు. మనం పోటు మీద కొలవాలి, వానలోనూ కొలవాలి, ఏడాది పొడుగునా. రేపు పొద్దున అయిదున్నరకి పోటు. కాలువ మధ్యలో కర్ర పట్టుకుని నిలబడ్డానికి ఒక మనిషి కావాలి."

"నాకు ఈత రాదండి."

"మొలలోతేగా. కర్ర నీ చేతిలోనే ఉంటుందిగా."

తమన్నా మొదటిసారి నవ్వింది. నేను నవ్వలేదు, నవ్వొచ్చినా.

"వస్తానండి. రోజూ వచ్చి అంకెలు రాసిపెడతాను."

"రాయొద్దు," అంది ఆమినా బీ గారు. "నువ్వు గట్టిగా చదువు. తమన్నా రాసుకుంటుంది."